గోడ మీద చోటు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. నాకిచ్చిన ఈ కొద్ది సమయంలో మన ఇళ్లలోని గోడల గురించి రెండు మాటలు చెబుతాను.

మీ హాల్లో ఏ పటాలున్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మొన్నమొన్నటి దాకా మా హాల్లో నా రిటైర్మెంటు నాటి గ్రూపు ఫోటో, సన్మానపత్రం, జ్ఞాపిక, ఒక నగల దుకాణం వారి క్యాలెండరు ఉండేవి. అందులో ఇంటిల్లిపాదికీ పనికొచ్చేది క్యాలెండరు ఒక్కటే. తక్కినవన్నీ నావే.

కిందటి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వేళకు పి.పి.ఓ. కాగితం కనబడక, అటక మీది ట్రంకుపెట్టె దింపించాను. పి.పి.ఓ. దొరకలేదు. అడుగున పాత వారపత్రికలో చుట్టిన కట్ట ఒకటి దొరికింది. మా ఆవిడ వేసిన నీటిరంగుల బొమ్మలు. 1978 నుంచి నాలుగేళ్లు మేము రాజమండ్రిలో ఉన్నాం. సాయంత్రం గోదావరి గట్టుకు వెళ్లి చూసి వచ్చి, మర్నాడు పిల్లలు బడికి వెళ్లాక వాళ్ల రంగుల పెట్టెతోనే వేసేది. నేను చూశాను. "బాగున్నాయి" అన్నాను కూడా. ఆ తర్వాత బదిలీలు. ప్రతి బదిలీకీ నా సర్వీసు కాగితాలు చేతిసంచిలో భద్రంగా వచ్చేవి. ఆవిడ బొమ్మలు సామాన్ల లారీలో వచ్చేవి.

కట్టలో పద్నాలుగు బొమ్మలు. ఐదు చెదలు తినేశాయి. మూడు చెమ్మకు అతుక్కుపోయాయి. మిగిలినవి ఆరు.

"ఇప్పుడవి ఎందుకండీ, ఎవరు చూస్తారు?" అంది. నీటికాసుల జబ్బు వల్ల ఆవిడ చూపు చాలావరకు పోయింది. ఆ మాటలో ఈ సంగతి కూడా ఉందని నాకు తెలుసు. జవాబు చెప్పలేకపోయాను.

ఆరింటికీ పటాలు కట్టించి హాల్లో పెట్టాను. గ్రూపు ఫోటో పడకగదికి మారింది. ఒక బొమ్మలో పాత హేవలాక్ వంతెన మీద పొగబండి వెళ్తూ ఉంటుంది. 1900లో మొదలైన ఆ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. ఆవిడ ఆ పటం ముందు నిలబడి, ఈ కొస నుంచి ఆ కొస దాకా కొంచెం కొంచెంగా చాలాసేపు చూసింది. "పొగ కాస్త ఎక్కువ వేశాను" అంది. ఇరవయ్యేళ్ల ముందే పెట్టి ఉంటే బొమ్మంతా ఒక్క చూపులో చూసుకునేది గదా అనిపించింది.

ఆ రాజమండ్రిలోనే దామెర్ల రామారావు గారు 1897లో పుట్టి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో కన్నుమూశారు. ఆయన చిత్రాలను అక్కడి ఆర్ట్ గ్యాలరీలో నేటికీ చూడగలుగుతున్నామంటే, అయినవారు, మిత్రులు జాగ్రత్త చేయబట్టే. మన ఇంట్లో బొమ్మలు వేసేవారు అంతటివారు కానక్కర్లేదు. జాగ్రత్త చేసేవారు మాత్రం ఉండాలి.

అనుభవం మీద తెలిసిన జాగ్రత్తలు కొన్ని చెబుతాను. చెమ్మ ఎక్కే గోడకూ, ఎండ సూటిగా పడే చోటా బొమ్మలు పెట్టవద్దు. నీటిరంగులు త్వరగా వెలిసిపోతాయి. అద్దం బొమ్మకు ఆనకుండా చుట్టూ మౌంటు అట్ట వేయమనండి. నాసిరకం అట్ట, ప్లైవుడ్డు బొమ్మకు నేరుగా తగిలితే కాగితం పసుపెక్కుతుంది. సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. అవి చేశాక కాగితం చెడకుండా తీయడం కష్టం. వెనుక పెన్సిలుతో మెల్లగా పేరు, ఊరు, సంవత్సరం రాయండి. ఏటా వానలు వెళ్లాక పటం దింపి, వెనుక చెదలున్నాయేమో చూడండి. బొమ్మలే కానక్కర్లేదు. అమ్మ కుట్టిన పూసల హంస, అక్కయ్య అల్లిన ఊలు చిలకలు, మనవడు గీసిన ఏనుగు, ఏదైనా సరే.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాదానం కాదని, హక్కని తీర్పు చెప్పింది. అందుకే మనం ఈ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఇంట్లో గోడ మీద చోటు కూడా అలాంటిదే. మనం బదిలీల వెంట తిరుగుతుంటే ఇల్లు నడిపినవారికి అది మనం చేసే ఉపకారం కాదు, వారికి రావలసిన పాత బకాయి.

కార్యవర్గానికి ఒక మనవి. వచ్చే ఏడాది ఇదే రోజున ఈ హాలు గోడల మీద మన ఇళ్లలోనివారు చేసిన పనులు పెడదాం. తలా ఒకటి తీసుకురండి. ఇంటికి వెళ్లగానే ముందు అటక మీది పెట్టె దింపించండి. చేసినవారి చేతే గోడకు మేకు ఎక్కడ కొట్టాలో చెప్పించుకోండి.