మౌనం సమ్మతి కాదు

దేహం అల్లాహ్ అప్పగించిన అమానతు కదా, రక్తసంబంధికునికి మూత్రపిండం ఇవ్వవచ్చునా అని మన కదిరిలో పలువురు అడుగుతున్నారు. దాత ప్రాణానికి హాని లేకుండా, మనస్ఫూర్తిగా ఇచ్చేది ధర్మసమ్మతమని 1988లో జిద్దాలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. అమ్మకం మాత్రం హరామ్. మన దేశపు 1994 చట్టం ప్రకారం నేరం కూడా. తగిన పరీక్షలు జరిగితే ఆరోగ్యవంతులు ఒక్క మూత్రపిండంతో జీవించగలరు.

నన్ను కలతపెట్టేది వేరొకటి. ఇంటిల్లిపాది చూపులూ భార్య మీదికో, చెల్లెలి మీదికో మళ్లుతాయి. ఆమె తల వంచుకుంటే ఒప్పుకున్నదంటారు. నికాహ్ వేళ కన్య మౌనం అంగీకారమే. దేహాన్ని కోసే వేళ ఆ లెక్క చెల్లదు. ఆమెను వైద్యునితో ఒంటరిగా మాట్లాడనివ్వండి. కాదన్నదా, పాపం లేదు, ఎత్తిపొడవకండి. రోగికి డయాలసిస్ ఉన్నది, జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదు చేయించే మార్గమూ ఉన్నది.