గండికోటలో నీళ్లు



కైఫియత్తులు, అంటే కరణాల నోట విని రాసుకున్న ఊళ్ల చరిత్రలు, అనగానే మనకు వాటిని సేకరింపజేసిన కుంపినీ సర్వేయరు మెకంజీ దొర పేరే గుర్తొస్తుంది. ఊరూరా తిరిగి, కరణాలను బతిమాలి, కవిలెలు విప్పించి రాయించినవాళ్లలో మన కావలి సోదరులు ముందువరుసలో ఉన్నారు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. గండికోట ఉన్న దత్తమండలం ఈస్టిండియా కుంపినీ చేతికొచ్చింది 1800లో. బొర్రయ్య 1803లోనే, చిన్న వయసులో కన్నుమూశాడు. ఆ సోదరుల స్మృతిలో ఈరోజు గండికోట గురించి మాట్లాడతాను.

జమ్మలమడుగు దాటి కోటకు వెళ్లినవాళ్లు నేరుగా లోయ అంచుకు పోతారు. ఎర్రమలను పెన్న చీల్చుకుపోయిన ఆ చోటు ఎవరినైనా నిలబెట్టేస్తుంది. అయితే ఏరు ఎక్కడో మూడు వందల అడుగుల కింద ఉంది. శత్రువు ముట్టడించిన రోజున ఆ నీళ్లు కంటికి ఆనతాయేగానీ కడవలోకి రావు. మరి కోటనేలిన పెమ్మసాని వారి కాలంలో పైన అంత ఊరు ఎట్లా బతికింది?

1652లో వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే దీనికి జవాబు రాసిపెట్టాడు. ఇరుకు దారిన పైకెక్కితే చిన్న మైదానం, ఊటలు, వాటి కింద వరి, చిరుధాన్యాల పైరు కనిపించాయట. అంతకు రెండేళ్ల ముందు కోటను పట్టిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కూడా అతను దగ్గరగా చూశాడు. కాలివేళ్ల సందున కొన్ని జాబులు, ఎడమచేతి వేళ్ల నడుమ మరికొన్ని ఇరికించుకుని, ఒక్కొక్కటీ తీసి జవాబులు చెప్పి రాయిస్తున్నాడు. గుళ్లలోని రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించాలని ఆయన పూనుకున్న సంగతీ, అది సాగకపోవడమూ టావెర్నియేనే రాశాడు. ఆ కథ అందరికీ తెలుసు. పైరు సంగతే ఎవరూ ఎత్తరు.

జుమ్మా మసీదు దగ్గర కత్తుల కోనేరు, ఇంకో పక్క రాయలచెరువు, పెద్ద ధాన్యాగారం. నా లెక్కలో కోటకు అసలైన బలం ఇవే. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో, 1566లో పునాది వేసిన వల్లెట్టా నగరంలో, ఇంటింటికీ వాననీటి తొట్టి ఉండాలని చట్టమే చేశారు. చుట్టూ సముద్రమున్నా తాగడానికి వానచుక్కే దిక్కు. రాతినేల మీద బతికేవాళ్లకు ఎక్కడైనా ఒకటే చింత.

చెరువులు, మాన్యాలు, పొలిమేరలు: కరణాల నోటినుంచి కైఫియత్తుల్లోకి ఎక్కినవి ఇవే. అందుకే నాకు అవి యాత్రికుల రాతలకన్నా విలువైనవి.

ఆ రాసే పని ఇప్పుడూ మిగిలే ఉంది. మన కళ్లముందే గండికోట జలాశయం కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి. ఏ బావి నీళ్లు తియ్యగా ఉండేవో, ఏ పొలానికి ఏ పేరో చెప్పగల పెద్దలు పునరావాస కాలనీల్లో ఉన్నారు. పుస్తకం, కలం పట్టుకుని వాళ్ల అరుగుల మీద కూర్చునే పిల్లలు ఈ సభలోంచి కొందరైనా బయల్దేరాలి. వచ్చే ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టండి.