వచ్చినవాడూ, ఉన్నవాడూ

ఈ ఉపన్యాసం ఎవరి పేరున పెట్టారో ఆ మాస్టారు ఢిల్లీలో ముప్పయ్యేళ్లు పిల్లలకు తెలుగు చెప్పారు. పల్లెటూరి సినిమా ఏది చూసొచ్చినా ఆయన అడిగే మాట ఒకటే: "ఊరికొచ్చినవాడి సంగతి సరేనోయ్, ఊళ్లో ఉన్నవాడి సంగతేమిటి?" ఇవాళ మీ ముందు పెట్టేదీ ఆ ప్రశ్నే.

పట్నం వదిలి పల్లె చేరే కథకు మనం ఈమధ్య బాగా అలవాటుపడ్డాం. 2015లో ‘శ్రీమంతుడు’ దేవరకోట అనే ఊరిని దత్తత తీసుకున్నాడు. 2019లో ‘మహర్షి’ అమెరికా కంపెనీ పదవిలో ఉండి స్నేహితుడి ఊరికొచ్చాడు. 2021 మార్చిలో ‘శ్రీకారం’ కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఉమ్మడి సేద్యం మొదలుపెట్టాడు. పాత సినిమాల దారి వేరు. గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ (1939)లోనూ, తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ (1955)లోనూ రైతు ఊళ్లోనే ఉంటాడు, ఉన్నచోటనే పెత్తందారుతో తలపడతాడు.

కొత్త సినిమాలను నేను తీసిపారేయడం లేదు. ‘మహర్షి’లో ముసలి రైతు దగ్గర హీరో నాగలి పట్టడం నేర్చుకునే ఘట్టం వస్తే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి. ఆ తాత ముఖంలో ఉన్నంత పల్లె సినిమా మొత్తంలో ఇంకెక్కడా లేదు. అయితే అది చూస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన: ఆయన దున్నేది సొంత చేనా, కౌలు చేనా?

ఆ సినిమాకు జాతీయ పురస్కారం మన ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోనే, 2021 అక్టోబరు 25న అందింది. అప్పటికి దాదాపు పదకొండు నెలలుగా సాగు చట్టాలను వ్యతిరేకిస్తూ సింఘూ, టిక్రీ, గాజీపూర్ సరిహద్దుల్లో రైతులు ట్రాక్టర్ ట్రాలీల మీద టార్పాలిన్లు కట్టుకుని కూర్చున్నారు. రైతు సినిమాకు సత్కారం, ఊరి పొలిమేరలో రైతు. ఒకే నగరంలో ఉండి ఆ రెంటినీ కలిపి చూడలేకపోయామే అన్న బాధ నాకింకా తగ్గలేదు.

ఎదురుదారిన నడిచిన సినిమా ‘పీప్లీ లైవ్’ (2010). అందులో రైతు నత్థా చివరికి గుర్‌గావ్‌లో కట్టడాల పనిలో తేలతాడు. 1991-2001 మధ్య 80 లక్షల మంది సేద్యం వదిలేశారన్న మాటతో ఆ సినిమా ముగుస్తుంది. మనం ఉంటున్న అపార్టుమెంట్లు అలాంటివాళ్లు కట్టినవే, వాటి కింద ఉన్నవీ ఒకప్పటి గోధుమ చేలే.

ఇక మన సంగతి. ఇక్కడున్న చాలామందికి ఊళ్లో రెండెకరాలో మూడెకరాలో ఉంటుంది, కౌలుకిచ్చి ఉంటారు. నాకూ ఉంది. ‘మహర్షి’ చూసిన ఊపులో మా కౌలు రైతుకు ఫోన్ చేసి, "నేనూ వచ్చేసి వ్యవసాయం చేద్దామనుకుంటున్నా" అన్నాను. కాసేపు అవతలినుంచి మాట లేదు. తర్వాత నెమ్మదిగా, "ఈ పంట కోసుకోనిస్తారా బాబుగారూ?" అన్నాడు.

నా కల అతనికి చేను ఖాళీ చేయమన్నట్టే వినిపించింది. తిరిగొచ్చే కొడుకు సినిమాల్లో ఈ మనిషి లేడు. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పొలం చేజారుతుందేమోనన్న భయంతో పెట్టనివాళ్లే ఎక్కువ. కార్డు లేకపోతే బ్యాంకులో పంట రుణం పుట్టదు, తుఫానుకు చేను మునిగినా పరిహారం అతని చేతికి రాదు.

మా రైతు అంతకుముందు రెండుసార్లు ఆ సంతకం కోసం కాగితం పంపాడు. రెండుసార్లూ చూద్దాంలే అన్నాను. ఆ ఫోను తర్వాత సంక్రాంతికి ఊరెళ్లి, అతని అరుగు మీదే కూర్చుని సంతకం చేశాను. సిరా ఆరేదాకా కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, గడువు ఎన్నాళ్లని అడిగాడు. పదకొండు నెలలన్నాను. "అయితే వచ్చే ఏడాదీ మీరు రావాలి," అన్నాడు.