ఫీజు కన్నా ముందు అడగాల్సింది

పిల్లవాడికి మాటలు రావడం ఆలస్యమైతే ఇరుగుపొరుగు ఏదో ఒక థెరపీ సెంటర్ పేరు చెబుతారు. వెళ్లి ఫీజెంతో అడుగుతాం. నేర్పేవాళ్లు ఏం చదివారో మాత్రం మొహమాటపడి అడగం.

ప్రత్యేక విద్య ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టుల చదువుకు ప్రమాణాలు నిర్ణయించేది భారత పునరావాస మండలి. 1992 నాటి చట్టం ప్రకారం అక్కడ పేరు నమోదు కాకుండా ఈ వృత్తి చేయడం నేరం. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలకు 2021లో వేరే చట్టం వచ్చింది.

ఇంతకీ ప్రత్యేక విద్య ఉపాధ్యాయుల శిక్షణలో ఏముంటుంది? పళ్లు తోముకోవడాన్నే తీసుకోండి. బ్రష్ పట్టుకోవడం, పేస్టు వేసుకోవడం, పుక్కిలించడం అంటూ అంచెలుగా విడగొడతారు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో గమనించి, రాసుకుని, అక్కడి నుంచి నేర్పుతారు. దీనికి ప్రేమ, ఓర్పు ఉంటే సరిపోదు, పద్ధతి తెలియాలి. మేధోవైకల్యం ఉన్న పిల్లలకు ఇలా నేర్పేవారిని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేస్తోంది. 1984లో మొదలైన సంస్థ అది.

పునరావాస మండలిలో నమోదును నిర్ణీత కాలానికోసారి పునరుద్ధరించుకోవాలి. అందుకు కొత్త కోర్సులకూ హాజరు కావాలి. కాబట్టి తల్లిదండ్రులారా, నమోదు నంబరు అడగండి, గడువు చూడండి. ఇంట్లో మీరేం చేయించాలో కూడా అడిగి తెలుసుకోండి.