‘అర్థమైందా?’ అని అడగకండి



పరీక్షలు దగ్గరపడ్డాయంటే మనలో చాలామందిమి సాయంత్రంపూట పంతులమ్మలమైపోతాం. మన పిల్లలతోపాటు పక్కింటి పిల్లలూ పుస్తకాలు పట్టుకుని వచ్చి కూర్చుంటారు. “నేను చదివింది పదో తరగతేగా, నాకేం చెప్పడం వచ్చు?” అని కొందరు వెనకాడుతారు. సంకోచం అక్కరలేదు. మనకెంత తెలుసు అన్నదానికన్నా, ఆ గంటసేపూ బుర్రకు పని చెబుతున్నది ఎవరు, మనమా, పిల్లలా అన్నదే ముఖ్యం. మనం అరగంట ఏకధాటిగా చెప్పి “అర్థమైందా?” అంటే, “ఆఁ” అని అందరూ తల ఊపుతారు. తిట్లు తప్పించుకోవడానికి అంతకన్నా సులువైన దారి వాళ్ళకు లేదు మరి!

అందుచేత ముందుగా ఒక చీటీ మీద ఒక్క వాక్యం రాసుకోండి. “ఇవాళ భిన్నాలు చెప్పాలి” అని కాదు. “రెండు భిన్నాల్లో ఏది పెద్దదో, ఎందుకో పిల్లలు చెప్పగలగాలి” అని. పాఠమంతా ఆ వాక్యం చుట్టూ తిరగాలి.

మొదట ప్రశ్న వేయండి. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? నాలుగో వంతే అనేవాళ్ళు ఎక్కువమంది ఉంటారు. మూడుకన్నా నాలుగు పెద్దది కదా! తప్పని వెంటనే అనెయ్యకండి. ఒకే కొలత చపాతీలు రెండు ఇచ్చి, ఒకటి ముగ్గురికి, ఒకటి నలుగురికి సమంగా పంచమనండి. ఎవరి ముక్క పెద్దదో వాళ్ళే చూసుకుంటారు. అప్పుడు కాగితం మీద 1/3, 1/4 అని రాయండి. ముందు వస్తువు, వెనక అంకె.

ఒక అమ్మాయి 1/2కి 1/3 కలిపి 2/5 అని వేసిందనుకోండి. పైవీ పైవీ, కిందవీ కిందవీ కలిపేసిందన్నమాట. “ఎలా చేశావమ్మా?” అని అడిగి పూర్తిగా చెప్పనివ్వండి. ఆ తర్వాత, “అయిదులో సగం రెండున్నర. మరి 2/5 సగంకన్నా తక్కువే కదా? సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా?” అనండి. ఆలోచనలో పడుతుంది. ఆరు గళ్ళు గీసి, సగానికి మూడు, మూడో వంతుకు రెండు రంగు వేయించండి. 5/6 అని తనే అంటుంది.

వేసుకున్న పథకం ఒక్కొక్కప్పుడు సాగదు. గుజరాత్‌లో పిల్లల చదువు కోసం పాటుపడిన గిజుభాయి బధేకా (1885-1939) ‘దివాస్వప్న’ అనే పుస్తకం రాశారు. అందులో ఉపాధ్యాయుడు మొదటిరోజు పిల్లలచేత మౌనంగా కూర్చునే ఆట ఆడించబోతాడు. వాళ్ళు గోల చేసేస్తారు. మర్నాడు కథ ఎత్తుకుంటాడు, చెవులప్పగించి వింటారు. మనమూ చీటీని కాదు, పిల్లల ముఖాలను చూస్తూ చెప్పాలి.

చివరి అయిదు నిమిషాలు మీరు మాట్లాడకండి. “ఇవాళ రాని నీ స్నేహితురాలికి ఈ లెక్క ఎలా చెబుతావు?” అని అడగండి. వెనక నక్కి కూర్చున్న పిల్లను తప్పకుండా అడగండి. “నాకు లెక్కలు రావు” అని ఒకసారి నమ్మేసిన ఆడపిల్లను “పోనీలే, చదివి ఏం చెయ్యాలి?” అనేవాళ్ళు ఎంతోమంది ఉంటారు. ఆ మాట ఆమె నోట రాకముందే, ఒక్క లెక్కయినా తన నోటితో తను చెప్పగలిగేలా చూడడం మన చేతుల్లో ఉంది. దానికి పెద్ద చదువులు అక్కరలేదు. కాస్త ఓపిక, ఒక చీటీ, రెండు చపాతీలు చాలు.