'పాండ్' అను మాట, మన చెరువు
(ప్రసంగ పాఠము)



ఇంగ్లీషు నేర్చుకొనే పిల్లలకు చిన్న తరగతుల్లోనే వచ్చే మాట 'పాండ్'. చెరువు అని అర్థం చెప్పి ముందుకు సాగిపోతాము. కాని ఆ మాట పుట్టుకను కొంచెం నిలిచి పరిశీలిస్తే, అది మనలను తిన్నగా మన ఊరి చెరువు గట్టుకే తీసుకొని వస్తుంది.

'పాండ్', 'పౌండ్' మొదట ఒకటే మాట. ఇక్కడ పౌండ్ అంటే డబ్బూ కాదు, తూకమూ కాదు. పరుల చేలో పడిన పశువులను తోలి పెట్టే బందెలదొడ్డి. మన దేశంలో 1871లో వచ్చిన పశువుల అతిక్రమణ చట్టంలో బందెలదొడ్డికి వాడిన ఇంగ్లీషు మాట ఇదే. చుట్టూ కట్టి మూసిన చోటు అని దాని మూలార్థం. పశువులను ఆపితే పౌండ్, నీటిని ఆపితే పాండ్. సుమారు 700 సంవత్సరాల క్రితమే ఇంగ్లీషువారు ఈ మాటను నీటికి వాడారు. తనంతట తానే ఏర్పడిన నీటిగుంటకు కూడా ఆ పేరు చెల్లింది.

ఇప్పుడు మన మాట చూద్దాము. పూర్వం 'చెఱువు' అని బండి ఱతో వ్రాసేవారు. 'చెఱ' అనే మాటకూ అదే అక్షరం. చెరసాలలోని చెర, చెరువులోని చెర ఒకే ధాతువు నుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. తమిళంలో 'సిఱై' అంటే చెరసాల అనీ అర్థమే, ఆనకట్ట అనీ అర్థమే, కాపు అనీ అర్థమే. మన ఉత్తరాంధ్రలో చిన్న చెరువును 'బంద' అంటాము. దానిలో కట్టు అనే అర్థం గల 'బంధ' శబ్దమే వినిపిస్తుంది. మన ప్రాంతంలో ఒడియా మాట్లాడే ఇళ్లలోనూ 'బంధ' అంటే కట్టే, చెరువే. ఇంగ్లీషు మాటకూ మన మాటలకూ చుట్టరికం ఉన్నదని మేము చెప్పడం లేదు. పని ఒకటే గనుక తలంపు ఒకటే అయినది.

ఆ తలంపు ఏమిటి? చెరువు ఊరికే దొరికినది కాదు, ఎవరో కట్టినది. గట్టు ఉండాలి, తూము ఉండాలి, మిగులు నీరు పోయే అలుగు ఉండాలి. ఏటేటా పూడిక తీయాలి. గట్టు తెగిన నాడు, గర్భాన్ని దున్నుకొన్న నాడు, పేరు మాత్రం రికార్డులో ఉంటుంది, నీరు ఉండదు. చెరలో ఉన్నవానికి కాపలా ఎంత అవసరమో, చెరువుకు కాపు అంత అవసరం.

మన బైబిలు తెలుగు చేసినవారు సిలోయముకు, బేతెస్దకు 'కోనేరు' అనే మాట వాడారు. ప్రజలు మెట్లు దిగి నీళ్లు ముట్టుకొనే చోటు ఏదో ఎరిగి వ్రాసిన మాట అది.

ఎవరూ కట్టకుండా నిలిచే నీరు కూడా మనకు ఉన్నది. కంచిలి, సోంపేట, కవిటి మండలాల మధ్య ఉన్న బీల అటువంటిది. అది చెరువూ కాదు, ఏరూ కాదు. చేపకు, పశువుకు, చేనుకు ఆధారం. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు కాగితాలలో అది బీడుభూమి అయినది. ప్రజలు కాదన్నారు. 2010 జూలై 14న కాల్పులు జరిగి మనుష్యుల ప్రాణాలు పోయినవి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసినది. ఒక చోటును ఏ పేరుతో పిలుస్తామో దాని మీద బ్రదుకులు ఆధారపడి ఉంటాయనుటకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

కావున మా మనవి ఒక్కటే. ప్రతి సంఘంలోని యౌవనస్థులు తమ ఊరి వృద్ధుల యొద్ద కూర్చుండి, ఆ ఊరి చెరువుల, బందల, గుంటల పేర్లు వ్రాసికొనవలెను. ఏది నిండుతున్నది, ఏది పూడినది, ఏది కనుమరుగైనది గుర్తించవలెను. పేరు మరచిన నీటిని అడిగేవారుండరు.