ఇంటి చెత్త, పెరటి మట్టి
(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 నాటి నకారా తీర్పు గురించి, డి.ఆర్. బకాయిల గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు విపులంగా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను ఇంటి దగ్గర ఎరువు తయారీ మీద పది నిముషాలు మాట్లాడమన్నారు. నేను వ్యవసాయ శాఖలో పని చేసినవాణ్ణి కాదు. ముప్ఫై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరైనవాణ్ణి. అప్పటి నుండి పెరట్లో ఎరువు చేస్తున్నాను, అదే నా అర్హత. చివర్లో మీతో ఒక పని కూడా ఉంది, కనుక టీ వచ్చినా లేచి వెళ్లవద్దని మనవి.

మన మల్కాజ్‌గిరి నేల సంగతి మీకు తెలిసిందే. మౌలాలీ గుట్ట ఏ రాయో మన కాళ్ల కింద ఉన్నదీ ఆ రాయే. అది అరిగి అయిన ఎర్రమట్టి పైన జానెడు, దాని కింద మొరం. పైగా ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు అన్నీ మేస్త్రీలు పెరట్లోనే కప్పేసి పోతారు. నేను మొదటిసారి గడ్డపార వేస్తే టంగుమని మోగింది. బకెట్టు నీళ్లు పోస్తే నేల తాగేది కాదు, గేటు దాకా పారేది.

అలాంటి నేలకు ముందు కావలసింది యూరియా కాదు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని ఉంటుంది. మనం చేసే ఎరువులో నూటికి ఒక పాలు ఉంటే గొప్ప. మరి దీనివల్ల ఏమి లాభం అని మా బావమరిది ఇప్పటికీ వాదిస్తాడు. నత్రజని కోసం అయితే లాభం తక్కువే. మట్టి రేణువులను గుత్తులుగా పట్టి ఉంచి, గాలికీ నీటికీ సందు ఇచ్చేది మాత్రం ఈ కుళ్లిన ఆకే. ఆ సందుల్లోకి వానపాములు వస్తే తక్కిన దుక్కి అవే దున్నుతాయి. వానపాముల మీద డార్విన్ 1881లో ఒక పుస్తకమే రాశాడు.

మన తాతలు పెంటదిబ్బ వేసి, వేసవిలో బండ్లతో పొలాలకు పెంట తోలేవారు. ఆల్బర్ట్ హోవార్డ్ అనే దొర 1924 నుండి 1931 వరకు ఇండోర్‌లో ఉండి, మన రైతులు చేసే పనినే గమనించి, కొలతలు పెట్టి, ఇండోర్ పద్ధతి అని లోకానికి చెప్పాడు. అదే ఇండోర్ 2017 నుండి ఏడేళ్లు వరుసగా దేశంలో పరిశుభ్ర నగరంగా మొదటి స్థానం తెచ్చుకోవడం ఒక ముచ్చట. మనకు దగ్గరలో అల్వాల్ రైతు చింతల వెంకటరెడ్డి గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. లోపలి మట్టిని తీసి, ఎండబెట్టి, పైమట్టి మీద వేయడం ఆయన పద్ధతి. అది పొలానికి తగినది. మన రెండు వందల గజాల ప్లాట్లలో లోపలికి తవ్వితే వచ్చేది మొరమే, కనుక మనకు చెత్తే గతి.

ఇక తయారీ. రెండు సిమెంటు వరలు, మూడడుగుల వెడల్పువి, నేల మీద పక్కపక్కన పెట్టించండి. కింద గచ్చు చేయించవద్దు, వానపాములు పైకి రావాలి. వర కింద నాలుగు వైపులా ఇటుక ముక్కలు పెడితే గాలి ఆడుతుంది. అడుగున కొబ్బరి పీచు, ఎండు పుల్లలు జానెడు మందం. ఆ పైన కూరగాయల తొక్కలు ఒక గిన్నెడు వేస్తే, ఎండాకులు రెండు గిన్నెలు. ఈ లెక్క ఒక్కటి తప్పకపోతే చాలు, తక్కినదంతా దానంతట అదే జరుగుతుంది. పుల్లటి మజ్జిగ గానీ, చారెడు పేడ కలిపిన నీళ్లు గానీ మొదట్లో ఒకసారి చల్లితే పని త్వరగా మొదలవుతుంది. బజారులో అమ్మే పొడులు కొనవలసిన అవసరం నాకు కనిపించలేదు.

ఎండాకులకు మనకు కరువు లేదు. మాఘ ఫాల్గుణాలలో వేపా రావీ కానుగా రాల్చినంత రాలుస్తాయి. మన వీధుల్లో వాటిని ఊడ్చి నిప్పు పెడతారు, ఆ పొగకు మనలో ఉబ్బసం ఉన్నవారు కిటికీలు మూసుకుని కూర్చుంటారు. నేను ఊడ్చే అమ్మాయికి చెప్పి ఏటా పది పన్నెండు సంచులు నింపించి వసారాలో పెట్టుకుంటాను. ఏడాది పొడుగునా అవే ఆధారం.

పూజ పూలు వేయండి, కానీ దండల దారం తీసేయండి. టీ పొడిని ఒకసారి కడిగి వేయండి. కోడిగుడ్డు పెంకులు తినే ఇళ్లవారు నలిపి వేయవచ్చు. అన్నం, నూనె కూరలు, మాంసం వేస్తే పందికొక్కులకు విందు పెట్టినట్టే.

వారానికి ఒకసారి కర్రతో కదపండి. గుప్పెడు తీసి పిండితే చేయి తడవాలి గానీ నీరు కారకూడదు. కంపు వస్తే గాలి లేదనీ, తడి ఎక్కువైందనీ అర్థం, ఎండాకులు దట్టించాలి. చీమలు పట్టితే ఎండిపోయిందని అర్థం, చెంబెడు నీళ్లు చల్లాలి. లావాటి పురుగులు కనిపిస్తే ఆడవాళ్లు హడలిపోతారు. అవి ఒక రకం ఈగ పిల్లలు, మనకు హాని లేదు, చెత్తను మనకంటే త్వరగా తేలుస్తాయి. ఒక వర నిండాక దాన్ని మూసి, రెండోది మొదలుపెట్టాలి. వేసవిలో మూడు నెలలు, చలికాలంలో నాలుగైదు. తయారైతే తొలకరి వాన వాసన వస్తుంది. అనుమానముంటే ఆ ఎరువులో నాలుగు మెంతులు చల్లి చూడండి. పచ్చగా మొలిస్తే సరే, మొలకలు మాడితే ఇంకో నెల ఆగాలి.

మడి మీద ఏడాదికి రెండంగుళాల మందం పరచి, పై ఆరంగుళాలలో కలిపితే చాలు. కుండీలకు మూడింట ఒక వంతు మించవద్దు. ఉత్త ఎరువులో మొక్క నిలవదు.

2007లో మన మునిసిపాలిటీని గ్రేటర్‌లో కలిపారు. నగరం చెత్త ఏళ్ల తరబడి మన జిల్లాలోని జవహర్‌నగర్‌కే చేరింది. ఆ గాలి వీచే దమ్మాయిగూడ వైపు బంధువులున్నవారిని అడగండి, అక్కడి జీవితం ఎలాంటిదో చెబుతారు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో తార్నాకలోని ఐ.ఐ.సి.టి. వారి పరిజ్ఞానంతో కూరగాయల చెత్త నుండి కరెంటు తీసినట్లు 2021లో ప్రధాని కూడా చెప్పారు. మంచిదే. అయితే మన వంటింటి తొక్కలకు అంత యంత్రం అవసరం లేదు.

ఇప్పుడు నా పని. మా ఇల్లు అపార్ట్‌మెంటు కట్టడానికి బిల్డరుకు ఇచ్చాము. పిల్లలు దూరంగా ఉన్నారు, మా ఇంటావిడ మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదు, లిఫ్టు కావాలి. నాకు ఫిర్యాదు లేదు, నేనే సంతకం పెట్టాను. అగ్రిమెంటు కాగితాల్లో టేకు తలుపులకు విలువ కట్టారు, బోరుకు కట్టారు, గేటుకు కూడా కట్టారు. మట్టికి కాలమ్ లేదు. సంక్రాంతి వెళ్లగానే జె.సి.బి. వస్తుంది, పెరడంతా టిప్పర్లకెత్తి ఎక్కడో గుంట పూడుస్తారు.

మడి ఇరవై అడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. పై అడుగు మందమంతా నల్లబడిన మట్టి. నా లెక్కకు సిమెంటు సంచులు తొంభై దాకా రావాలి. ఊరికే పోనివ్వడం నాకు ఇష్టం లేదు. మీలో పెరడున్నవారు, కుండీలున్నవారు ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు, డబ్బు ప్రసక్తి లేదు. మన కాలనీ పార్కుకు ఇరవై సంచులు ముందే పక్కన పెట్టమన్నాను. బాల్కనీ వారు రెండు సంచులకు మించవద్దు, తడి మట్టి బరువు. కొబ్బరి పొట్టు కలుపుకోండి.

జనవరి మొదటి రెండు ఆదివారాలు, ఉదయం ఏడు నుండి పది వరకు. తవ్వడానికి ఒక మనిషిని పెట్టాను. సంచులు మీరే తెచ్చుకోండి, సగమే నింపండి, లేకపోతే నడుము పడుతుంది. వానపాములుంటే ఏరి పారేయవద్దు. వరలు రెండూ ఎవరికైనా ఒకరికే ఇస్తాను, ముందుగా కార్యాలయంలో పేరు రాయించినవారికి. ఇంటి చిరునామా అక్కడే ఇస్తారు.

సెలవు.